కరగకపోతే చాలదు

పిల్లలూ,

అన్నిటికన్నా ఎక్కువ వేడిని తట్టుకునే పదార్థం ఏదని అడిగారు కదా. కరిగే వేడి ఒక్కటే చూస్తే హాఫ్నియం కార్బైడ్, టాంటలం కార్బైడ్ (ఆ లోహాలు కార్బన్‌తో కలిసిన పదార్థాలు) ముందుంటాయి. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతే, ఇవి 3,900కి అటూ ఇటూగా గానీ కరగవు. కానీ అంత వేడిలో గాలి ఊరుకోదు. కరగడానికి చాలా ముందే ఆక్సిజన్ ఆ కార్బైడ్‌ను తినేయడం మొదలుపెడుతుంది, పైన ఏర్పడే పొర గుల్లబారి ఉంటుంది కాబట్టి లోపలి భాగాన్నీ కాపాడలేదు.

అందుకే శబ్దం కన్నా ఎన్నో రెట్లు వేగంగా వెళ్లే వాహనాల ముక్కుకీ, రెక్కల అంచులకీ జిర్కోనియం డైబోరైడ్ (జిర్కోనియం లోహం బోరాన్‌తో కలిసినది) మీద ఎక్కువ పరిశోధన జరిగింది. ఇది కరిగేది సుమారు 3,245 దగ్గర, అంటే కార్బైడ్ల కన్నా తక్కువే! దీనికి దాదాపు ఐదో వంతు సిలికాన్ కార్బైడ్ కలుపుతారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇక్కడే ఉంది: వేడెక్కగానే బోరాన్ ఆక్సిజన్‌తో కలిసి పల్చని గాజులా కరిగి పైనంతా పరుచుకుంటుంది, 1,200 దాటేసరికి అది ఆవిరైపోతుంటే సిలికాన్ నుంచి పుట్టిన చిక్కటి గాజు ఆ పని అందుకుని సుమారు 1,600 దాకా ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది.

ఇంకో మంచి గుణం, పింగాణీలా కాకుండా ఇది లోహంలా కరెంటును, వేడిని బాగా పంపిస్తుంది. అంచు దగ్గర పడ్డ వేడి వెనక్కి పాకిపోతుంది. గట్టి ముక్కను విద్యుత్ స్పార్క్‌తో కోయవచ్చు కూడా.

చిక్కల్లా పెళుసుదనం. మరిగే నీళ్లు పోస్తే దళసరి గాజు గ్లాసు పగిలినట్టే, ఒక్కసారిగా వేడెక్కితే ఇదీ చీలుతుంది. తయారీ కూడా కష్టమే, పొడిని 1,900 డిగ్రీల పైన వేడిచేస్తూ గట్టిగా నొక్కాలి, ఎక్కడైనా పొడి ఉండకట్టిందంటే అక్కడే బలహీనం. 2000లో నాసా షార్ప్-బీ2 ప్రయోగంలో హాఫ్నియం డైబోరైడ్ లాంటి పదార్థాలతో చేసిన అంచులను పైకి ఎగరేసి పరీక్షిస్తే, తిరిగొచ్చిన ముక్కల్లో పగుళ్లు కనిపించాయి.

మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో (అణు రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే చోటు) జిర్కోనియం నుంచి హాఫ్నియంను వేరు చేస్తారు, ఎందుకంటే రియాక్టర్‌ను నడిపే న్యూట్రాన్లనే హాఫ్నియం మింగేస్తుంది, అందుకే ఇంధనం చుట్టూ ఉండే గొట్టాలకు పనికిరాదు. మన అంచుల దగ్గరికొస్తే రెండూ పనికొచ్చేవే. పీరియాడిక్ టేబుల్‌లో జిర్కోనియం 40, హాఫ్నియం 72 వెతకండి, ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

మీ తాతయ్య