27కి 22 కలిపితే 49, అయినా ఫెయిల్: ప్రోగ్రామింగ్ కోర్సు మార్కులపై అపోహలు, వాస్తవాలు

గత ఏడాది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రెండో రోజున ఒక రొయ్యల రైతు మా డిపార్ట్‌మెంటుకు వచ్చారు. చెరువు గట్టు మీద నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతిలో మేత బిల్లు ఉంది, దాని వెనక కొడుకు మార్కులు రాసుకుని ఉన్నాయి. "మాస్టారూ, మావోడికి మిడ్డుల్లో 27 వచ్చాయండి, ఎక్స్‌టర్నల్లో 22 వచ్చాయండి. కలిపితే 49 అండి. 40 వస్తే పాసని చెప్పేరు కదండీ, మరి ఫెయిలని ఎలాగ వచ్చిందండి?" అని అడిగారు. మిడ్డులంటే సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే పరీక్షలు, వాటి మార్కులనే ఇంటర్నల్ అంటారు; ఎక్స్‌టర్నల్ అంటే సెమిస్టర్ చివరి పరీక్ష. ఆయన కూడికలో తప్పు లేదు. ఎవరో ఆయనకు చెప్పింది నిబంధనలో సగమే.

నేను డెల్టాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు సి భాషలో ప్రోగ్రామింగ్ చెబుతాను. పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి వచ్చేవారు, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచి వచ్చేవారు, అందరూ ఇంచుమించు ఒకే రకమైన అపోహలతో వస్తారు. అవి సీనియర్ల దగ్గర మొదలై, కాలేజీ బస్సులో పెరిగి, వాట్సాప్ గ్రూపులో నిబంధనలుగా స్థిరపడతాయి. ఈ వ్యాసంలో నేను చెప్పేవి జేఎన్‌టీయూ కాకినాడ విశ్వవిద్యాలయపు ఆర్23 రెగ్యులేషన్ (చదువు, పరీక్షల నిబంధనలు) ప్రకారం నడిచే కోర్సుకు సంబంధించినవి. మన జిల్లాల్లో అటానమస్ హోదా ఉన్న (సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే) కళాశాలలు చాలా ఉన్నాయి కాబట్టి, అక్కడ చదివేవారు తమ కళాశాల రెగ్యులేషన్ పుస్తకాన్ని కూడా పక్కన పెట్టుకుని చదువుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచే అపోహ ఇది: "మిడ్ మార్కులు చిన్నవి, అసలు పరీక్ష చివర్లో ఉంది, అప్పుడు చూసుకుందాం." దీనికి తోబుట్టువు లాంటిది ఇంకొకటి ఉంది: "మిడ్ మార్కులు బాగా వచ్చేశాయి, ఇంక చివర్లో పన్నెండో పదమూడో వస్తే చాలు." రొయ్యల రైతు కొడుకు రెండోదాన్ని నమ్మాడు. ఈ రెండూ పిల్లల బద్ధకం నుంచి పుట్టాయని నేను అనను. ఇంటర్మీడియట్‌లో రెండేళ్ల పాటు పబ్లిక్ పరీక్ష ఒక్కటే తీర్పు చెబుతుంది, థియరీ పేపర్లకు ఇంటర్నల్ అనే మాటే ఉండదు, 35 శాతం వస్తే పాసైనట్టే. ఆ లెక్కకు అలవాటుపడిన పిల్లవాడిని తెచ్చి, రెండు గడపలు ఉన్న ఇంట్లోకి పంపి, అందులో ఒక గడప సంగతి చెప్పకపోతే అతను తట్టుకుని పడటంలో వింత లేదు.

ఒక థియరీ సబ్జెక్టుకు మొత్తం 100 మార్కులు ఉంటే, అందులో 30 ఇంటర్నల్‌వి, 70 చివరి పరీక్షవి. మొదటి గడప ఏమిటంటే, చివరి పరీక్షలో విడిగా 35 శాతం రావాలి. 70లో 35 శాతం అంటే 24.5, అంటే ఆచరణలో 25 మార్కులు. రెండో గడప ఏమిటంటే, ఇంటర్నల్, చివరి పరీక్ష కలిపి 100కు కనీసం 40 రావాలి. ఈ రెండూ దాటితేనే పాస్. ఇంటర్నల్‌లో 30కి 30 వచ్చినా చివరి పరీక్షలో 24 దగ్గర ఆగిపోతే ఫెయిలే. ఆ రైతు కొడుకు రెండో గడపను 9 మార్కుల తేడాతో దాటాడు, మొదటి గడప దగ్గర 3 మార్కులకు ఆగిపోయాడు. అదే రోజు అతని పక్క బెంచీ కుర్రవాడు ఇంటర్నల్‌లో 15, చివరి పరీక్షలో 25, మొత్తం 40తో బయటపడ్డాడు. 49 వచ్చినవాడు ఫెయిలై 40 వచ్చినవాడు పాసైతే, ఆ ఇంట్లో వాళ్లకు ఇది అన్యాయంగా కనిపించడం సహజం. ఎక్కడో డబ్బులు తీసుకుని మార్కులు మార్చేస్తున్నారనే పుకారు కూడా ఇక్కడే పుడుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు విసుగు వస్తుంది, ఎందుకంటే కారణం రెగ్యులేషన్‌లో రెండే వాక్యాల్లో రాసి ఉంటుంది, దాన్ని తెరిచి చూసినవారు నూటికి ఒక్కరు కూడా నా గదికి రాలేదు.

ఇప్పుడు మిడ్ మార్కులు చిన్నవనుకునే మొదటి రకం వారి సంగతి. ఇంటర్నల్ 30 మార్కులు రెండు మిడ్ పరీక్షల నుంచి వస్తాయి. ఒక్కో మిడ్‌లో రాత పరీక్షకు 15, బిట్ పేపరుకు 10, అసైన్‌మెంటుకు 5. "రెండింటిలో ఎక్కువ వచ్చినదే తీసుకుంటారు, కాబట్టి ఒకటి ఎగ్గొట్టినా ఫర్వాలేదు" అని సీనియర్లు చెబుతారు. అది నిజం కాదు. ఎక్కువ వచ్చిన మిడ్‌లో 80 శాతం, తక్కువ వచ్చిన మిడ్‌లో 20 శాతం కలుపుతారు. ఒకదానిలో 25, మరొకదానిలో 20 వస్తే, 25లో 80 శాతం 20, 20లో 20 శాతం 4, మొత్తం 24. రెండో మిడ్‌కు రాకపోతే ఆ 4 పోయి 20 మిగులుతుంది. నాలుగు మార్కులే కదా అనుకోవచ్చు. చివరి పరీక్షలో 46 తెచ్చుకున్న విద్యార్థికి 24తో కలిపితే 70 అవుతుంది, అది బి గ్రేడు, 8 పాయింట్లు. 20తో కలిపితే 66, సి గ్రేడు, 7 పాయింట్లు. మూడు క్రెడిట్ల (క్రెడిట్ అంటే సగటులో సబ్జెక్టుకున్న బరువు) సబ్జెక్టులో ఒక పాయింటు పోవడమంటే, దాదాపు ఇరవై క్రెడిట్ల సెమిస్టర్‌లో ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ గ్రేడు పాయింట్ల సగటు, 0.15 తగ్గడమే. ఒక్క ఉదయం నిద్ర లేవకపోవడానికి అది ఎక్కువ ధర.

బాగా చదివే వారికి పోయేది గ్రేడు. అంతంత మాత్రంగా చదివే వారికి పోయేది సబ్జెక్టే. రెండేళ్ల క్రితం నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అక్క పెళ్లి పనుల్లో పడి మొదటి మిడ్ రాయలేదు. రెండో మిడ్‌లో ఆమెకు 11 వచ్చాయి. 11లో 80 శాతం 8.8, అది పైకి సర్దుకుని 9 అయింది. చివరి పరీక్షలో ఆమె 29 తెచ్చుకుంది, మొదటి గడపను హాయిగా దాటింది, కానీ మొత్తం 38 దగ్గర ఆగిపోయింది. పాసైన ఆమె స్నేహితురాలికి చివరి పరీక్షలో వచ్చినవి 26. "నాకే ఎక్కువ వచ్చాయి కదా సార్" అని నా ముందు కూర్చుని ఏడుస్తుంటే నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు.

ఈ అపోహలో అసలు విషం ఇక్కడుంది. సప్లిమెంటరీ రాస్తే మళ్లీ రాసేది 70 మార్కుల పరీక్షను మాత్రమే. మిడ్‌లు మళ్లీ పెట్టరు, ఆ 9 అలాగే ఉంటుంది. కాబట్టి ఆమె స్నేహితురాలికి 25 చాలిన పేపరులో, ఆమెకు ఎన్నిసార్లు రాసినా 31 రావాలి. రెండోసారి 33 తెచ్చుకుని 42తో ఇ గ్రేడులో బయటపడింది. ఇంటర్నల్ సగం కన్నా తక్కువగా ఉండి ఫెయిలైనవారు తిరిగి నమోదు చేసుకుని ఆ సబ్జెక్టు తరగతులకు మళ్లీ కూర్చునే దారి నిబంధనల్లో ఉంది. అయితే అది ఒక్కసారికే ఇచ్చే అవకాశం, షరతులు కూడా ఇరుకైనవి, దాన్ని నమ్ముకుని మిడ్ మానేయడం గొడుగు ఉంది కదా అని తుపానులో గోదావరి దాటబోవడమే. ఈలోగా ఆ బ్యాక్‌లాగ్, అంటే పాసవకుండా మిగిలిన సబ్జెక్టు, మార్కుల మెమోలో కూర్చుని ఉంటుంది, చాలా కంపెనీలు ప్రాంగణ నియామకాలకు వచ్చినప్పుడు బ్యాక్‌లాగ్ లేనివారినే పిలుస్తాయి.

మిడ్ విషయంలో ప్రోగ్రామింగ్ కోర్సుకు ఇంకో ఇబ్బంది ఉంది. ఐదు యూనిట్లలో మొదటి రెండున్నర యూనిట్లు మొదటి మిడ్‌కు వస్తాయి, అంటే అల్గారిథమ్‌లు, ఫ్లోచార్టులు, షరతులు, లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), అరేల (విలువల వరుసల) మొదటి భాగం. చరిత్ర పాఠంలో ఒక అధ్యాయం వదిలేసి తరువాతిది చదువుకోవచ్చు, ఇక్కడ లూపు తెలియనివాడు అరేను చదవలేడు, అరే తెలియనివాడికి నాలుగో యూనిట్‌లోని పాయింటర్ (మెమరీ చిరునామాను దాచుకునేది) గాలిలో వేలాడుతుంది. మొదటి మిడ్ ఎగ్గొట్టినవాడు రెండో మిడ్‌లో రెట్టింపు తెచ్చుకుంటానని చెప్పడం నేను ప్రతి ఏటా వింటాను, తెచ్చుకున్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టగలను.

భయపడేవారికి ఒక మాట. ఆ 25 మార్కులు కొండ మీదివేమీ కావు. చివరి పేపరులో మొదటి భాగం రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలు పది, యూనిట్‌కు రెండు చొప్పున. అందులో ఏడు సరిగ్గా రాస్తే 14. రెండో భాగంలో పదేసి మార్కుల ప్రశ్నలు ఐదు, ప్రతిదానికీ 'ఇది లేదా అది' అనే ఎంపిక ఉంటుంది. ప్రోగ్రాములో సెమికోలన్ మరిచిపోతే సున్నా వేస్తారని పిల్లలు వణికిపోతారు. పేపరు దిద్దేది చిన్న తప్పుకే ప్రోగ్రామును తిప్పికొట్టే కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్ కాదు, మనిషి. అల్గారిథమ్‌కు కొన్ని, తర్కానికి కొన్ని, వివరణకు కొన్ని అని మార్కుల పంపకం ముందే ఉంటుంది. నేను మూల్యాంకనానికి కూర్చున్నప్పుడు చూసిన ఖాళీ పేజీల్లో సగం, పిల్లలు తమకు తెలిసినంత రాసి వదిలేసినా నాలుగేసి మార్కులు దక్కి ఉండేవే.

మిగిలిన అపోహలను త్వరగా చెప్పేస్తాను. "రికార్డు పూర్తిచేస్తే ల్యాబ్ పాసే" అనేది ఇంటర్ ప్రాక్టికల్స్ నుంచి వెంట తెచ్చుకున్న నమ్మకం. ప్రోగ్రామింగ్ ల్యాబ్ విడిగా 100 మార్కులది, 30 ఇంటర్నల్, 70 చివరి పరీక్ష, థియరీకి ఉన్న రెండు గడపలే దీనికీ ఉన్నాయి. ఇంటర్నల్‌లో 15 రోజువారీ పనికి, రికార్డుకు, వైవాకు (నోటితో అడిగే ప్రశ్నలకు) కలిపి, మిగిలిన 15 ల్యాబ్ పరీక్షకు. చివరి పరీక్షలోనూ 20 మార్కులు వైవావే. పక్కవాడి ప్రోగ్రామునో, ఫోనులో చాట్‌జీపీటీ రాసిచ్చినదాన్నో ఎక్కించుకుని అవుట్‌పుట్ చూపించినవారిని నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ లూపు ఒకసారి తక్కువ తిరగాలంటే ఏ గుర్తు మారుస్తావు? సొంతంగా రాసినవాడు చేయి పెట్టి చూపిస్తాడు.

హాజరు సంగతి చెప్పకుండా వదలలేను, ఎందుకంటే అక్కడ పోయేది సబ్జెక్టు కాదు, ఏడాది. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం, ఒక్కో సబ్జెక్టులో కనీసం 40 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి సరైన కారణం ఉంటే, రుసుముతో మినహాయింపు ఇవ్వవచ్చు. 65 కన్నా తగ్గితే ఏ డాక్టరు కాగితమూ పనిచేయదు, ఆ సెమిస్టర్‌ను మళ్లీ నడిపినప్పుడు జూనియర్లతో కూర్చోవలసిందే. సంక్రాంతికి ముందు వారం, తరువాత వారం కలిపి పందాల బరుల దగ్గర గడిపి, ఫిబ్రవరిలో సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేవారికి ఈ సంగతి అప్పుడే తెలుస్తుంది.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే ఈ కోర్సు పాసవలేమని భయపడేవారు కొందరున్నారు. నేను జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను, ఇంజనీరింగ్‌లో చేరేవరకు కీబోర్డు ముట్టుకోలేదు. కాగితం మీద వేరియబుల్స్ విలువలు గడులు గీసి, లూపు తిరిగినకొద్దీ కొట్టేసి మార్చుకుంటూ నేర్చుకున్నాను. థియరీ పరీక్ష ఇప్పటికీ కాగితం మీదే జరుగుతుంది కాబట్టి ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

చివరిగా, "మిడ్ మార్కులు సార్ వేసినవే, చూసేదేముంది" అనే అపోహ. విశ్వవిద్యాలయానికి పంపేముందు ఆ మార్కుల జాబితాను విద్యార్థులకు చూపిస్తారు, చూసి సంతకం పెట్టమంటారు. చాలామంది చూడకుండానే సంతకం పెడతారు. కిందటి ఏడాది దిండి నుంచి వచ్చే ఒక కుర్రవాడు మాత్రం తన రాత పరీక్ష కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, అడగాలా వద్దా అని గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. కాగితం మీద 14 ఉంది, జాబితాలో 4 ఉంది. అర్ధరాత్రి వరకు కూర్చుని మార్కులు ఎక్కించినవాడిని నేనే, ఆ ఒకటిని మింగేసింది నేనే. పంపడానికి ఇంకా రెండు రోజుల గడువు ఉండబట్టి అతని ముందే దిద్దాను.