కంప్యూటర్‌కి చెమట పట్టదు కదా తాతా

పిలకాయలూ, ముగ్గురికీ ఆశీస్సులు.

ఒంగోల్లో ఎండలు ఎట్లున్నాయో నాకు వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడ కావలిలోనూ అదే వరస. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. అటక మీది పాత కంప్యూటర్‌ని పాత సామాన్ల బండికి వేసేద్దామంటే మీరు వెయ్యనివ్వకుండా మూత విప్పి కూర్చున్నారంట. లోపలి ఫ్యాన్లతో బల్ల మీద పెట్టుకునే ఫ్యాన్ చెయ్యొచ్చా అని పెద్దోడి ప్రశ్న, సెల్‌ఫోన్ చార్జర్‌తో తిరుగుతుందా అని నడిపమ్మాయి ప్రశ్న. ఈ రెండిటికీ ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. చిన్నది అడిగింది మాత్రం అట్లాంటిది కాదు. "కంప్యూటర్‌కి చెమట పట్టదు కదా తాతా, మరి దానికి ఫ్యాన్ ఎందుకు?" అందంట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సంతోషంగా ఉంది. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నా.

ముందు చిన్నదాని సంగతి చూద్దాం. ఫ్యాన్ గాలిని చల్లబరచదమ్మా. గదిలో థర్మామీటర్ 38 డిగ్రీలు చూపిస్తుంటే ఫ్యాన్ వేసినాకా 38 డిగ్రీలే చూపిస్తుంది, కావాలంటే పెట్టి చూడు. మన ఒంటి మీద చెమట ఆవిరయ్యేటప్పుడు ఒంట్లో వేడిని కొంత పట్టుకుపోతుంది. అయితే చర్మాన్ని అంటుకునున్న గాలి కదలకపోతే కాసేపటికి తేమతో నిండిపోయి ఇంకా ఆవిరిని తీసుకోదు. ఫ్యాన్ ఆ పాత గాలిని నెట్టేసి కొత్త గాలిని తెస్తుంది, చేసేది అంతే. ఒక చేతికి నీళ్ళు రాసుకుని, రెండో చెయ్యి పొడిగా ఉంచి రెండూ ఫ్యాన్ ముందు పెట్టు, తేడా నీకే తెలుస్తుంది.

కంప్యూటర్‌కి చెమట లేదు, నువ్వన్నది నిజం. కానీ దానికి వేడి ఉంది. లోపల ప్రాసెసర్ అనే చిన్న చిప్పు పని చేసేటప్పుడు, ఇళ్ళల్లో వాడే చాలా రకాల్లో, 65 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. దాని నెత్తిన పలచటి రెక్కలున్న అల్యూమినియం దిమ్మ కూర్చుని ఉంటుంది చూడు, చిప్పులోని వేడి ఆ రెక్కల్లోకి పాకుతుంది. బాగా పనిలో ఉన్నప్పుడు ఆ చిప్పు 60, 70 డిగ్రీలకు కూడా పోతుంది. అంత వేడిగా ఉన్నదానికి 42 డిగ్రీల ఒంగోలు గాలి కూడా చల్లనిదే. అందుకని ఊరికే గాలి తగిలితే చాలు, వేడి దిగిపోతుంది. మన చర్మం 35 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, 42 డిగ్రీల గాలి తగిలితే వేడి మన ఒంట్లోకే వస్తుంది తప్ప బయటికి పోదు. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. ఆటలాపి నీళ్ళు తాగండని మీ జేజి ఇంట్లోనుంచి కేకలేసేది ఊరికే కాదు.

ఇక పని. ప్లగ్గు గోడలోనుంచి పీకేసి ఉందో లేదో చూసుకోండి. కరెంటు వైరు వచ్చి చేరే ఇనపడబ్బా ఒకటి మూలన ఉంటుంది, దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. దానిలోపలా ఒక ఫ్యాన్ కనబడుతుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ డబ్బాలో ఉన్న కెపాసిటర్లు 300 వోల్టుల పైన కరెంటు దాచుకుంటాయి, ప్లగ్గు తీసినా కాసేపు అట్లాగే ఉంటుంది. పెద్దోడా, ఈ ఒక్క విషయంలో నువ్వు నాకు మాటివ్వాలి, ఆ డబ్బా మూత ఎవ్వరూ విప్పకూడదు.

మనకు కావల్సింది ఆ ఇనపడబ్బాలోది కాదు, కంప్యూటర్ పెట్టె వెనకవైపు నాలుగు స్క్రూలతో బిగించిన ఫ్యాన్. 80 మిల్లీమీటర్లదో 120దో ఉంటుంది. పెద్దదైతే మంచిది, నెమ్మదిగా తిరిగి ఎక్కువ గాలినిస్తుంది, చప్పుడు కూడా తక్కువ. దాని మధ్యలో స్టిక్కర్ మీద డీసీ 12 వోల్టులు, 0.18 ఆంపియర్లు, ఇట్లా ఏదో రాసి ఉంటుంది. రెంటినీ హెచ్చవేయండి, 2.16 వాట్లు వస్తుంది. మీ నెత్తి మీద తిరిగే పాతరకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. గాలి అంత రాదు, నిజమే, కానీ రాసుకునేటప్పుడు మొహానికి తగిలే గాలి చాలు కదా.

అది ఎట్లా తిరుగుతుందో ఇప్పుడు చెప్తా, నిదానంగా చదవండి. మా ఊళ్ళో నువ్వుల గానుగ ఉండేది, మధ్యలో రోలు, దాని చుట్టూ ఎద్దు. నిజం గానుగెద్దుకి కళ్ళకు గంతలు కడతారు, మన ఎద్దుకి విప్పేద్దాం. రోలు తీసేసి ఆ చోట నలుగురు పిలకాయల్ని నాలుగు దిక్కులకు మొహం పెట్టి కూర్చోబెడదాం. ఒక్కొక్కరి చేతిలో పచ్చగడ్డి, ములుగర్ర. ఎద్దుకి ముందున్నవాడు గడ్డి చూపిస్తాడు, వెనకున్నవాడు ములుగర్ర చూపిస్తాడు, ఎద్దు ముందుకు కదుల్తుంది. గడ్డి దగ్గరికి వచ్చేలోపల వాడు గడ్డి దాచేసి ములుగర్ర తీస్తాడు, ఆ పక్కవాడు గడ్డి చూపిస్తాడు. అట్లా గడ్డి అందకుండానే ఎద్దు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఎప్పుడు ఎవరు ఏది చూపించాలో చెప్పడానికి ఒక పెద్దాయన కూర్చుని ఎద్దు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తుంటాడు.

ఎద్దంటే రెక్కల మధ్య గుబ్బ లోపల అంటించిన గుండ్రటి అయస్కాంతం. నలుగురు పిలకాయలంటే సన్నటి రాగితీగ చుట్టిన నాలుగు కాయిల్స్. పెద్దాయన హాల్ సెన్సర్ అనే చిన్న నల్ల చిప్పు. కాయిల్లో కరెంటు ఒక వైపు పోతే గడ్డి, తిప్పి పంపితే ములుగర్ర. మీరు వేలు అడ్డం పెట్టి ఎద్దుని ఆపారనుకోండి, పెద్దాయన కాసేపు చూసి పిలకాయలకు విశ్రాంతి ఇస్తాడు, మళ్ళీ కొంచెంసేపాగి గడ్డి చూపించి చూడమంటాడు. చాలా ఫ్యాన్లలో ఈ ఏర్పాటు ఉంటుంది, లేకపోతే ఇరుక్కుపోయిన ఫ్యాన్ కాయిల్స్ కాలిపోతాయి. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే ఎద్దు వెనక్కి నడుస్తుందా? నడవదు, ఆరోజు పెద్దాయన పనిలోకే రాడు. వోల్టులు తగ్గిస్తే గడ్డి తగ్గినట్టు, ఎద్దు నెమ్మదిస్తుంది. మూడో వైరు ఒకటి ఉంటుంది కదా, పెద్దాయన ఎద్దు చుట్టు తిరిగినప్పుడల్లా రెండుసార్లు గంట కొట్టి కంప్యూటర్‌కి కబురు పంపేది ఆ వైరు మీదే. మనకు ఆ కబురు అక్కర్లేదు.

లోపల కరెంటు పారితే రాగితీగకి అయస్కాంతం గుణం ఎందుకొస్తుంది అని నడిపమ్మాయి అడుగుతుంది, నాకు తెలుసు. డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ అనే పంతులుగారు 1820లో తీగలోకి కరెంటు పంపినప్పుడు పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. లోకంలోని మోటార్లన్నీ ఆ తర్వాత వచ్చినవే. నేను జీవితమంతా బోరు మోటార్లకు రాగితీగ చుట్టి వార్నిష్ పోసినవాణ్ణి, ఇప్పటికీ మోటారు కదిలిన ప్రతిసారీ ఆశ్చర్యంగానే ఉంటుంది. దాన్ని మాటల్లో పెట్టడం నాకు రాదు. సెల్‌ఫోన్లో దిక్సూచి ఉంటే ఫ్యాన్ దగ్గరకు తీసుకెళ్ళి చూడండి, ఉత్తరం ఎటుపోతుందో.

మా చిన్నప్పుడు ఇంట్లో కరెంటే లేదు, ఫ్యాన్ ఎక్కడిది. వేసవి సెలవుల్లో తాటిముంజలు తినేసి, ఆ తాటాకు ముక్కలు రెండు అడ్డంగా పెట్టి, అంచులు కాస్త మెలిపెట్టి, మధ్యలో తుమ్మముల్లు గుచ్చి జొన్నదంటుకి తగిలించి గాలికి ఎదురు పరిగెత్తేవాళ్ళం. మెలి సరిగ్గా పెడితే గిర్రున తిరిగేది, ఆకుని బల్లపరుపుగా వదిలేస్తే ఎంత పరిగెత్తినా కదిలేది కాదు. మీ ఫ్యాన్ రెక్కల్లోనూ ఉన్నది ఆ మెలే. ఆకుని గాలి తిప్పుతుంది, ఈ రెక్క తిరిగి గాలిని నెడుతుంది. మా నాయన కోవూరు సంతకు పోయినప్పుడు ఒకసారి అభ్రకం పెచ్చు తెచ్చిచ్చాడు, కాకిబంగారం అంటారు కదా, అదే. గూడూరు, సైదాపురం గనుల్లో దొరికేది. పొర తర్వాత పొర గోటితో లేపుతూ కూర్చునేవాణ్ణి, వెనకున్న వేలు కనబడేంత పలచగా వచ్చేది, ఎండలో పెడితే లేత ఆకుపచ్చ. అది ఆడుకోడానికి కాదని, మోటార్లలో పెడతారని పెద్దయ్యాక తెలిసింది. మిక్సీ మోటారులాంటి వాటిలో కదలకుండా ఉన్న కార్బన్ బ్రష్‌లకు రాసుకుంటూ రాగిముక్కలు తిరుగుతాయి. ఆ ముక్కల మధ్య కరెంటు దూకకుండా పెట్టేవాటిల్లో అభ్రకం ముఖ్యమైనది. మీ చేతిలో ఉన్న ఫ్యాన్‌కి బ్రష్‌లే లేవు, రాసుకోవడం లేదు, నిప్పురవ్వ లేదు. ఇప్పుడు కొత్తగా వస్తున్న, 30 వాట్ల దగ్గర్లో తిరిగే సీలింగ్ ఫ్యాన్లలోనూ ఇదే పద్ధతి.

ఫ్యాన్ విప్పాక పెయింట్ బ్రష్షుతో దుమ్ము దులపండి. బిగుసుకుపోయి ఉంటే వెనక స్టిక్కర్ మెల్లగా లేపి మధ్యలో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురుగా మారుతుంది.

వైర్ల విషయానికొస్తే నలుపు మైనస్. ప్లగ్గులో ఆ నలుపుని ఆనుకున్న వైరే 12 వోల్టులది, కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి పసుపు. మిగిలినవి ఒకటున్నా రెండున్నా చివర్లు విడివిడిగా టేపు చుట్టి వదిలేయండి. కరెంటుకి పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఇంట్లో పడే ఉంటుంది. దాని మీద అవుట్‌పుట్ అన్నచోట 12 వోల్టులు, పక్కన డీసీ అని ఉందో లేదో చదవండి. వోల్టులు సరిపోవాలి, ఆంపియర్లు ఫ్యాన్ మీద రాసినదానికంటే ఎక్కువున్నా ఫర్వాలేదు, ఎంత కావాలో అంతే లాక్కుంటుంది. అతుకులు వేసేటప్పుడు అడాప్టర్ గోడకి ఉండకూడదు, మీ నాన్న పక్కనుండాలి. వైర్లు మెలిపెట్టి ఒక్కోదానికి వేరే టేపు చుట్టండి, రెండూ కలిపి చుట్టొద్దు.

నడిపమ్మాయీ, ఫోన్ చార్జర్ ఇచ్చేది 5 వోల్టులు. కొన్ని ఫ్యాన్లు దానికీ నెమ్మదిగా తిరుగుతాయి, కొన్ని అసలు కదలవు. పాత చార్జింగ్ వైరు కోస్తే లోపల ఎరుపు ప్లస్, నలుపు మైనస్, పచ్చ, తెలుపు మనకు పనికిరావు. తిరిగితే నీ అదృష్టం, కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్ మీద పెట్టుకోవచ్చు. కొన్ని పవర్ బ్యాంకులు మాత్రం ఇంత తక్కువ కరెంటు లాగితే ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి, ఫ్యాన్ చెడిపోయిందని టెన్షన్ పడకండి.

నిలబెట్టడానికి ఆ కంప్యూటర్ లోపలే రేకుముక్కలు బోలెడు. సీడీ డ్రైవ్ పైరేకు మడిస్తే పీట అయిపోతుంది, అంచులు కోసుకుంటాయి కాబట్టి టేపు వెయ్యండి. రేకుకీ ఫ్యాన్‌కీ మధ్య, పీట కిందా పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు పెట్టండి, గుయ్యిమనే చప్పుడు సగం పోతుంది. గాలి వచ్చేది స్టిక్కర్, దాన్ని పట్టుకున్న కమ్మీలు ఉన్నవైపు, అది మీ మొహానికి తిప్పుకోండి. రెండు పక్కలా కమ్మీల జాలీ తప్పనిసరి, నడిపమ్మాయికి జడ పొడుగు.

మిగిలిన సామాన్లు ఒక అట్టపెట్టెలో పెట్టి నాన్నకివ్వండి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకు అప్పజెబుతాడు. రాగి వస్తుందని వైర్లు తగలబెట్టేవాళ్ళను చూస్తారు మీరు, ఆ పొగ దగ్గర నిలబడొద్దు, మీరు ఆ పని అసలే చెయ్యొద్దు. రాగి విలువ నాకు తెలుసు, అది పెట్టిన అన్నమే తిన్నాను. కానీ ప్లాస్టిక్ పొగ పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక వస్తువు ఎట్లా పుట్టిందో తెలుసుకున్నవాళ్ళు దాన్ని ఎట్లా పంపించాలో కూడా తెలుసుకోవాలి.

ఇంకొక్క పని. కరెంటు తగిలించకముందే, ఫ్యాన్‌ని చేతిలో పట్టుకుని రెక్కని వేలితో చాలా మెల్లగా నెట్టండి. నున్నగా తిరగదు, ఒక్కోచోట పట్టేసినట్టు ఆగి, వదిలేసి, మళ్ళీ ఇంకోచోట ఆగుతుంది. ఒక చుట్టుకి ఎన్ని చోట్ల ఆగిందో ముగ్గురూ విడివిడిగా లెక్కపెట్టండి, లెక్కలు కలిశాయో లేదో చూసుకోండి. అప్పటికి గడ్డీ లేదు, ములుగర్రా లేదు, మరి ఎద్దు ఎందుకు ఆగుతోందో మీలో మీరు మాట్లాడుకుని నాకు రాయండి. ఫోన్ చెయ్యొద్దు, రాయండి.

మీ తాత,
కావలి