ఖరీదైన వాచీల సప్లై చైన్ ఉద్యోగం: అపోహలు, వాస్తవాలు

అపోహ: అమ్మేది కొన్ని వాచీలే కదా, ప్లానింగ్ తేలిక.

నిజానికి కష్టమంతా అక్కడే ఉంది. లక్షల్లో అమ్ముడయ్యే సరుకైతే వచ్చే నెల ఎంత పోతుందో పాత లెక్కలే చాలావరకు చెప్పేస్తాయి. బంగారు కేసు (వాచీ బయటి డొప్ప), నీలం డయల్ ఉన్న మోడల్ ఒక దేశంలో ఏడాదికి నాలుగు అమ్ముడైతే, ఏ ఫార్ములాతో అంచనా కడతారు? ఆరుగురు అడిగితే కొరత. ఇద్దరే కొంటే బోలెడంత పెట్టుబడి లాకర్లో ఇరుక్కుపోయినట్టే. అందుకే మా ఫోర్‌కాస్ట్ మీటింగుల్లో గణితం కంటే వాదనలే ఎక్కువ.

అపోహ: కొరతంతా కంపెనీలు కావాలని సృష్టించేదే.

కొంత నిజం లేకపోలేదు. ఏ షాపుకు ఎన్ని ఇవ్వాలో బ్రాండ్లు ఆచితూచి నిర్ణయిస్తాయి. కానీ అసలు ఇరుకు తయారీలో ఉంటుంది. వాచీ లయను నిలబెట్టే బ్యాలెన్స్ చక్రాన్ని ఆడించే సన్నటి స్ప్రింగు, హెయిర్‌స్ప్రింగ్‌నే తీసుకోండి. దాన్ని పెద్ద ఎత్తున చేయగలిగినవాళ్లు చాలా తక్కువ. స్విస్ బ్రాండ్లలో చాలావరకు దశాబ్దాలుగా, సొంత వాచీ బ్రాండ్లు కూడా ఉన్న స్వాచ్ గ్రూపుకు చెందిన నివరాక్స్ మీదే ఆధారపడ్డాయి. మూవ్‌మెంట్లకు, అంటే వాచీని నడిపే లోపలి యంత్రాలకు, అదే గ్రూపులోని ఈటీఏ. బయటి కంపెనీలకు సరఫరా తగ్గిస్తామని ఆ గ్రూపు అనడంతో స్విస్ పోటీ కమిషన్ కలగజేసుకుంది, 2013లో మూవ్‌మెంట్ల విషయంలో దశలవారీ తగ్గింపుకు ఒప్పుకుంది. పోటీదారుడే మీ సప్లయర్ అయినప్పుడు ధర గురించి బేరమాడటం కంటే రెండో దారి వెతుక్కోవడమే ముఖ్యం.

అపోహ: స్విస్ మేడ్ అంటే ప్రతి మరా స్విట్జర్లాండ్‌దే.

కాదు. మూవ్‌మెంట్ స్విస్‌దై ఉండాలి, దాన్ని కేసులో బిగించడం, తుది తనిఖీ అక్కడే జరగాలి. 2017 నుంచి వాచీ తయారీ ఖర్చులో కనీసం 60 శాతం కూడా అక్కడే పడాలి. ఈ లెక్క మా నెత్తిన ఉంటుంది. చవగ్గా వస్తుందని కేసు తయారీని ఆసియాకు మారిస్తే డయల్ మీది ఆ రెండు మాటలకే ముప్పు రావచ్చు.

అపోహ: రవాణా అంటే విమానంలో పంపేయడమే.

బీమా, భద్రత సరే. కాగితాలే పెద్ద గొడవ. మొసలి జాతి తోలు పట్టీ ఉంటే సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం కావాలి. ఒక్క పట్టీ వల్ల వాచీ మొత్తం కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. ఇక సుంకాలు: 2025 ఆగస్టులో అమెరికా స్విస్ సరుకు మీద 39 శాతం వేసింది, నవంబరులో 15 శాతానికి తగ్గించేందుకు ఒప్పుకుంది. అలాంటి ఏడాదిలో స్టాకు ఏ దేశంలో ఉంచాలన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

అపోహ: వాచీల పిచ్చి లేకపోతే ఈ ఉద్యోగం రాదు.

వస్తుంది. ఎక్సెల్, ఎస్‌ఏపీ (కంపెనీల స్టాకు, ఆర్డర్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్), సప్లయర్‌తో ఓపిగ్గా మాట్లాడే నోరు కావాలి. వర్క్‌షాపులు ఎక్కువగా స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచ్ మాట్లాడే జురా కొండల వైపు ఉంటాయి కాబట్టి ఫ్రెంచ్ వస్తే ఇంకా మంచిది.

అపోహ: వాచీ అమ్ముడైతే మా పని అయిపోయినట్టే.

కొత్తగా చేరేవాళ్లు దీన్నే తక్కువ అంచనా వేస్తారు. పటెక్ ఫిలిప్ 1839 నుంచి తాను చేసిన ఏ వాచీనైనా బాగుచేస్తానంటుంది. మిగతా బ్రాండ్లు అంత దూరం పోకపోయినా, మోడల్ ఆపేసిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా సర్వీసుకు వాచీలు వస్తూనే ఉంటాయి. అందుకే తయారీ ఆపేముందు చివరిసారిగా ఎన్ని చక్రాలు, ఎన్ని ముళ్లు, ఎన్ని గాజులు చేయించి దాచాలో తేల్చాలి. తక్కువ చేయిస్తే తర్వాత ఒక్కో పార్టునూ విడిగా చేయించాలి. ఎక్కువ చేయిస్తే, ఎవరూ అడగని పార్టులకు ఏళ్ల తరబడి అల్మరా అద్దె కడుతూ కూర్చోవాలి.