ఘాటు తీసేసిన ఆవాలు

పోపులో చిటపటలాడిన ఆవగింజకు ఘాటు ఉండదు. అదే గింజను కాసేపు నానబెట్టి, రెండు ఎండుమిరపకాయలతో నూరి అరటికాయ కూరలో కలిపితే మాత్రం ముక్కులోంచి మాడు దాకా అంటుతుంది. ఆవగింజలో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలు ఒక అరలో, వాటిని విరగ్గొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. నూరినప్పుడు అరల గోడలు పగిలి, తడి తగిలి, రెండూ కలుస్తాయి. ఘాటు పుట్టేది అప్పుడే. కాగిన నూనెలో వేస్తే ఎంజైమ్ ముందే చచ్చిపోతుంది కాబట్టి ఆ ఘాటు రాదు.

మొక్క ఈ ఏర్పాటంతా మన ఆవపెట్టిన కూర కోసం చేసుకోలేదు. ఆకు కొరికిన పురుగు నోరు మండాలని చేసుకుంది. ఈ ఘాటు గింజలోంచి తీసేయాలని ఒక పక్క, మొక్కను తెగుళ్ల నుంచి కాపాడాలని ఇంకో పక్క, శాస్త్రవేత్తలు అరవై ఏళ్లకు పైగా ఆవ జాతి పంటలతో కుస్తీ పడుతున్నారు. జన్యుమార్పిడి ఆవాల గొడవ సుప్రీంకోర్టుకెక్కాక మన దగ్గర ఈ పాత కథ ఎవరికీ పట్టకుండా పోయింది. ఆ గొడవ అర్థం కావాలన్నా ముందు ఇది తెలియాలి.

అమెరికాలో ఇండియన్ స్టోర్‌కి వెళ్లే మనవాళ్లు ఒక వింత గమనించే ఉంటారు. ఆవనూనె సీసా మీద 'ఒంటికి పూసుకోవడానికి మాత్రమే' అని రాసి ఉంటుంది. వంటకు అమ్మడానికి అక్కడ అనుమతి లేదు. పక్క అరలో కనోలా నూనె ఉంటుంది. పులిహోర తాలింపు నుంచి పూరీల దాకా చాలా తెలుగు ఇళ్లలో అదే వాడతారు. నిజానికి ఆ రెండు నూనెలూ దగ్గరి చుట్టాల గింజల్లోంచి వచ్చినవే. తేడా ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం దగ్గరుంది. మన ఆవనూనెలో అది మామూలుగా 40 శాతం పైనే ఉంటుంది. కనోలాలో 2 శాతం దాటకూడదు.

కనోలా అనే పంట ఒకప్పుడు లేదు. ఉన్నది దాని పూర్వరూపం, రేప్‌సీడ్ అనే నూనెగింజ. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా దాన్ని పెద్ద ఎత్తున పండించింది తినడానికి కాదు, ఓడల ఆవిరి ఇంజన్లకు కందెనగా వాడటానికి. తడిసిన లోహాన్ని కూడా ఆ నూనె పట్టుకుని ఉండేది. యుద్ధం అయిపోయింది, ఓడలు డీజిల్‌కి మారాయి, గిరాకీ పడిపోయింది. సస్కాచివాన్ రైతుల చేతిలో పంట ఉంది, కొనేవాడు లేడు. తినే నూనెగా మార్చుకుందామంటే ఎరూసిక్ ఆమ్లం అడ్డొచ్చింది. దాన్ని ఎక్కువగా తినిపించిన ఎలుకల గుండె కండరాల్లో కొవ్వు పేరుకున్నట్టు, మచ్చలు పడినట్టు తేలింది. మనుషుల్లో అలాంటి హాని రుజువు కాలేదు. బెంగాల్లో, పంజాబ్‌లో తరతరాలుగా తింటూనే ఉన్నారు. కానీ కొత్తగా మార్కెట్ వెతుక్కుంటున్న పంట మీద ఆ మాట పడ్డాక ఎవరు కొంటారు?

ఇక్కడ ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. మానిటోబా విశ్వవిద్యాలయంలో బాల్దుర్ స్టెఫాన్సన్, సస్కటూన్ ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో కీత్ డౌనీ. లిహో అనే జర్మన్ పశుగ్రాస రకంలో ఎరూసిక్ ఆమ్లం తక్కువున్న మొక్కలు స్టెఫాన్సన్ కంటపడ్డాయి. అసలే లేని మొక్కలను విడదీశామని 1961లో ప్రకటించారు. కానీ ఒక చిక్కుంది. ఏ గింజలో ఆమ్లం ఎంతుందో తెలియాలంటే గింజను నలిపి నూనె తీయాలి. నలిపాక ఇక విత్తడానికి ఏం మిగులుతుంది? డౌనీ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ నచ్చిన ముక్క. ఆవగింజను నానబెట్టి, పొట్టు తీసి, రెండు బద్దల్లో పైబద్దను మాత్రం కత్తితో కోసేస్తారు. గింజ మొత్తం రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, గుర్తుంచుకోండి. కోసిన బద్దను, నూనెలోని ఆమ్లాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో పరీక్షిస్తారు. మొలక ఉన్న మిగతా సగాన్ని జాగ్రత్తగా నాటుతారు. ఫలితం బాగుంటే ఆ సగం గింజ నుంచే కొత్త వంశం మొదలవుతుంది. ఈ అరగింజ పద్ధతి 1963లో బయటికొచ్చింది. అంతకుముందు పరీక్షకు బోలెడు నూనె కావాల్సి వచ్చేది, ఇప్పుడు ఒక్క బద్ద చాలు.

1968లో ఎరూసిక్ ఆమ్లం తగ్గించిన ఓరో అనే రకం వచ్చింది. సగం పని అయింది. నూనె తీశాక మిగిలే చెక్కలో గ్లూకోసినోలేట్లు అలాగే ఉన్నాయి. ఆ చెక్క ఎక్కువ పెడితే పందులు, కోళ్లు సరిగా తినవు, థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది. చెక్క అమ్ముడుపోకపోతే నూనె మిల్లుకు గిట్టదు. 1960ల చివర్లో పోలండ్ రకం బ్రోనోవ్‌స్కీలో గ్లూకోసినోలేట్లు తక్కువని తేలింది. దాన్ని కలిపి 1974లో స్టెఫాన్సన్ విడుదల చేసిన టవర్ అనే రకంలో రెండు దోషాలూ లేవు. అందుకే ఇలాంటి రకాలను 'డబుల్ జీరో' అంటారు. 1978లో నూనె మిల్లుల సంఘం దీనికి కనోలా అనే పేరు రిజిస్టర్ చేయించింది. 1985లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ వంటకు ఆమోదం ఇచ్చింది.

నాణ్యత విషయంలో ఒక సుఖం ఉంది. ఆ జన్యువులను ఒకసారి కుదిర్చితే, కలుపు గింజలు చేరకుండా చూసుకుంటే చాలు, అవి అలాగే ఉంటాయి. తెగులు అలా కాదు, అది కూడా మారుతుంది.

కెనడాలో 1982లో వచ్చిన వెస్టార్ రకాన్ని మన సాంబ మసూరితో పోల్చొచ్చు. దిగుబడి బాగుంది, నూనె బాగుంది, రైతు, మిల్లు ఇద్దరికీ నచ్చింది. సాంబ మసూరికి అగ్గితెగులు, ఎండాకు తెగులు ఎలాగో వెస్టార్‌కు బ్లాక్‌లెగ్ అలాగ. పోయినేడు కోసిన మొదళ్ల మీద బతికే బూజు ఇది. వాన పడగానే బీజాలు గాలికి లేచి లేత ఆకుల మీద వాలతాయి. మొదట బూడిద రంగు మచ్చ, దాన్లో నల్లని చుక్కలు. అక్కడితో ఆగితే పర్లేదు. అది ఆకు తొడిమలోంచి కాండంలోకి, కాండంలోంచి మొక్క మొదలులోకి పైకేం కనపడకుండా దిగుతుంది. గింజ పోసుకునే వేళకు మొదలు నల్లబడి కుళ్లి, మొక్క ఉన్నచోటే ఒరిగిపోతుంది. చేను నిండా పూత చూసి లెక్కలేసుకున్న రైతుకు అప్పుడు తెలుస్తుంది.

ఆస్ట్రేలియాకు ఈ దెబ్బ ఇంకా ముందే తగిలింది. 1970ల మొదట్లో కెనడా నుంచి తెచ్చుకున్న రకాలు బ్లాక్‌లెగ్‌కు కూలిపోయి, అప్పుడే మొదలైన పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వాళ్లు ఫ్రెంచి, జపాన్ రకాలతో సంకరం చేసి ఏళ్ల తరబడి తట్టుకునే గుణం కూడగట్టారు. ఆ తర్వాత ఒక అడవి జాతి నుంచి తెచ్చిన బలమైన జన్యువుతో సర్పాస్ 400 అనే రకం 2000లో విడుదలైంది. ఆకు మీద మచ్చ కూడా పడేది కాదు. సహజంగానే రైతులు ఎగబడ్డారు. ఒకే జన్యువు ఉన్న పంట లక్షల ఎకరాల్లో పరుచుకుంటే, దాన్ని దాటగల బూజు రకం కోట్ల బీజాల్లో ఒక్కటున్నా దానికి ఇక ఎదురుండదు. 2003లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఐర్ ద్వీపకల్పంలో అదే జరిగింది. కొన్ని చేలల్లో 90 శాతం దాకా దిగుబడి పోయింది. మూడేళ్ల ముచ్చట! ఫ్రాన్స్‌లో కూడా ఇంకో జన్యువుకు దాదాపు ఇదే గతి పట్టింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో రకాలను వాటిలోని జన్యువులను బట్టి అక్షరాల గుంపులుగా విడదీసి, ఒకే గుంపు రకం ఏళ్ల తరబడి వేయొద్దని చెబుతున్నారు.

వేర్లు గడ్డకట్టే క్లబ్‌రూట్ కథా అంతే. 2003లో కెనడాలోని ఎడ్మంటన్ దగ్గర కనోలా చేలల్లో కనపడింది, 2009లో తట్టుకునే రకం వచ్చింది, 2013కల్లా దాన్ని దాటే తెగులు వచ్చేసింది.

ఇక మన సంగతి. కెనడా రకాలు తెచ్చి రాజస్థాన్‌లో వేసుకుంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. కానీ పంట వేరు. 1935లో నగహారు ఊ అనే శాస్త్రవేత్త ఈ చుట్టరికం విప్పి చెప్పాడు. కొరియా తండ్రికి, జపాన్ తల్లికి టోక్యోలో పుట్టిన మనిషి. ఆయన లెక్కలో మూడు మూల జాతులు, వాటిలో రెండేసి కలిసి పుట్టిన మూడు సంకర జాతులు. మన ఆవాలు, కనోలా రెండూ సంకరాలే. ఒక పేరెంట్ ఇద్దరికీ ఒకటే, రెండోది వేరు. కనోలాకు 38 క్రోమోజోములు, మన ఆవాలకు 36. వరసకు సవతి సోదరులన్నమాట. కనోలా మన ఉత్తరాది ఎండకు, తక్కువ నీటికి ఓర్చుకోదు. ఆవాలు ఓర్చుకుంటాయి. కాబట్టి డబుల్ జీరో గుణం ఆవాల్లోనే విడిగా సంపాదించుకోవాల్సి వచ్చింది.

ఎరూసిక్ ఆమ్లం లేని ఆవ వంశాలను ఆస్ట్రేలియాలో వేరుచేశారని 1981లో తెలిసింది. తక్కువ గ్లూకోసినోలేట్ల ఆవాలు కెనడాలో జాత్యంతర సంకరంతో పుట్టాయి. వీటి గుణాలను దేశవాళీ రకాల్లోకి ఎక్కించుకుంటూ ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ మొదట పూసా కరిష్మా లాంటి తక్కువ ఎరూసిక్ రకాలిచ్చింది. ఆ సంస్థ మొదటి డబుల్ జీరో ఆవాలు, పూసా 31, 2016లో వచ్చాయి. టవర్ వచ్చిన 42 ఏళ్లకు.

మన ఆవాలకున్న పెద్ద బెడదల్లో ఒకటి తెల్లతుప్పు తెగులు. ఆకు అడుగున సున్నపు చుక్కల్లాంటి పొక్కులు లేస్తాయి. పూగుత్తికి సోకితే కాయలు రావాల్సిన చోట జింక కొమ్ముల్లా ఉబ్బి, మెలికలు తిరిగిన ఆకుపచ్చ కండ మిగులుతుంది. వరుణ లాంటి మంచి దేశవాళీ రకాలన్నీ దీనికి లొంగేవే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తూర్పు యూరప్‌కు చెందిన డోన్‌స్కాయా అనే వంశంలో దీన్ని ఆపే జన్యువును పట్టుకుంది. పూసా నుంచి 2021లో వచ్చిన 33వ రకం డబుల్ జీరోతో పాటు తెల్లతుప్పునూ తట్టుకుంటుంది. దీనికి తోడు ఆవ వేళ్లను పీల్చి బతికే ఓరోబాంకి అనే కలుపు మొక్క బెడద వేరే ఉంది. ప్రకాశం పొగాకు రైతులకు కొత్త కాదు, మల్లె అంటారే, అదే.

అదే పెంటల్ బృందం చేసిందే డీఎంహెచ్-11 జన్యుమార్పిడి ఆవాలు. 2022 అక్టోబరులో షరతులతో అనుమతి వచ్చింది. 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరోలా తీర్పిచ్చారు. చాలామంది అనుకుంటున్నట్టు ఇది తెగుళ్ల కోసమో నూనె నాణ్యత కోసమో చేసింది కాదు. ఆవ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టేస్తుంది. దాన్ని ఆపి హైబ్రిడ్ విత్తనం తీయడానికి నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువులు వాడారు. దాని మీద జరిగిన వాదనలో పదో వంతు తెల్లతుప్పు మీద జరిగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

డబుల్ జీరోకు మార్కెట్లో అసలు అడ్డంకి మాత్రం రుచి. ఉత్తరాది వంటింటికి కచ్చీ ఘానీ నూనె, అంటే వేడి చేయకుండా గానుగాడిన ఆవనూనె కావాలి, దాని ఘాటు కావాలి. ఆ నూనెలో ఘాటు పదార్థం కనీసం ఇంత ఉండాలని మన ఆహార ప్రమాణాల్లోనే ఉంది. కోళ్ల మేతకు పనికిరాకుండా చేసేదీ, చేపల కూరకు ప్రాణం పోసేదీ ఒకటే పదార్థం. పైగా గింజలో గ్లూకోసినోలేట్లు తగ్గించిన రకాల్లో ఆకుల్లోనూ అవి తగ్గిపోతాయి. పురుగుకు, బూజుకు దారి వదిలినట్టే.

దీనికి ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ వాళ్లు 2023లో ఒక దారి చూపించారు. గ్లూకోసినోలేట్లు గింజలో తయారుకావు, వేరే భాగాల్లో తయారై గింజకు రవాణా అవుతాయి. ఆ రవాణా చేసే ప్రొటీన్ల జన్యువులను వరుణ రకంలో జన్యు సవరణతో పనిచేయకుండా చేశారు. సరుకు ఆకుల్లోనే ఉండిపోయింది, గింజ చప్పబడింది. కాండం కుళ్లు బూజుతో, పొగాకు లద్దె పురుగుతో పరీక్షిస్తే మొక్క రక్షణ తగ్గలేదు. బయటి జన్యువు మిగలని ఇలాంటి సవరణలకు కేంద్రం 2022లోనే జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ దారిలో 2025లో ప్రకటించిన రెండు వరి రకాలకు మూలం మన సాంబ మసూరి, కాటన్ దొర సన్నాలే.

ఈ ఆవాలు రేపు బజారుకొచ్చినా పోపులో మామూలుగానే చిటపటలాడతాయి. అరటికాయ కూరలోకి, ఆవకాయలోకి మాత్రం పాత గింజే కొనుక్కోవాలి.