హ్యాండ్ ఇవ్వడం మంచిదే!

పిల్లలూ,

మీ ఇంగ్లీషు పాఠంలో ‘గివ్ ఎ హ్యాండ్’, ‘లెండ్ ఎ హ్యాండ్’ అంటే సాయం చేయడమని చదివి తెగ నవ్వుకున్నారట. నవ్వరూ మరి! మన దగ్గర ‘వాడు హ్యాండిచ్చాడు’ అంటే నమ్మించి ముంచాడని కదా. ఇంకో చిక్కుంది. ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే సాయం కాదు, గట్టిగా చప్పట్లు కొట్టమని. పరీక్షలో తికమకపడకండి.

ఆ మాటకొస్తే మన చెయ్యేం తక్కువది? ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే దెబ్బ, ‘చెయ్యిచ్చాడు’ అంటే మోసం, ‘ఓ చెయ్యి వెయ్యి బాబూ’ అంటే సాయం. ఇంగ్లీషు మాటకి సరిజోడు ఈ చివరిదే.

దాన్ని కళ్లారా చూడాలంటే భీమిలి రోడ్డు పక్క తీరంలో జాలర్లు అలివి వల లాగేటప్పుడు వెళ్లండి. పడవ వలని సముద్రంలో అర్ధచంద్రంలా చుట్టి వస్తుంది. రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి చేరాక రెండు వరసల్లో నిలబడి లాగుతారు. మీరూ తాడు పట్టుకోవచ్చు. కానీ వరసతో పాటే అడుగు వెయ్యాలి. సొంత ఊపు చూపించేవాడి వల్ల పని చెడుతుంది.

హుద్‌హుద్ తుఫాను నాటికి మీలో చాలామంది పుట్టనే లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి దాదాపు 180 కిలోమీటర్ల గాలి. చెట్లు రోడ్లకి అడ్డంగా కూలాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. కత్తి ఉన్నవాళ్లు కొమ్మలు నరికితే లేనివాళ్లు పక్కకి ఈడ్చారు. మోటార్లు ఆడక ట్యాంకులు ఎండిపోతే పై అంతస్తుల్లోని ముసలాళ్లకి కుర్రాళ్లే బిందెలు మోశారు. ‘ఈ చెట్టు ఇక్కడ వద్దని నేనప్పుడే చెప్పాను’ అంటూ గట్టు మీద నిలబడ్డవాళ్లూ లేకపోలేదు. చెయ్యి అడిగితే నోరిచ్చే రకం.

అడక్కుండా చెయ్యి వేసేసేవాళ్లతో మరో తంటా. జగదాంబ జంక్షన్‌లో చూపు లేనివారెవరైనా రోడ్డు దాటడానికి నిలబడితే, గబుక్కున రెక్క పుచ్చుకుని లాక్కెళ్లకండి. ‘సాయం కావాలా అండీ?’ అని ముందు అడగండి. సరేనంటే మీ మోచెయ్యి అందించండి, వాళ్లే పట్టుకుంటారు. మీరు అరడుగు ముందు నడవండి. మెట్టు వస్తే ఎక్కాలో దిగాలో చెప్పండి. అక్కర్లేదంటే నొచ్చుకోకుండా మీ దారిన మీరు వెళ్లండి.

మీ తాతయ్య,
విశాఖపట్నం