కార్తూస్ సాబ్ కలం పట్టేదాకా

విశాఖ ఆర్‌కే బీచ్‌కి వెళ్లినవాళ్లలో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర ఆగి ఫొటో దిగనివాళ్లు తక్కువ. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి భారత్-పాక్ యుద్ధంలో ఆ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీలకే, అంటే నీటిలోపల పేలే బాంబులకే అది మునిగిందని మన నౌకాదళం అంటుంది. లోపల జరిగిన పేలుడో, అది పెట్టిన మైనో దాన్ని ముంచిందని పాకిస్తాన్ అంటుంది. ఏది నిజమో తేలాలంటే ఆనాటి రికార్డులు చూడాలి. అయితే ఘాజీకి సంబంధించిన రికార్డులను ఎప్పుడో ధ్వంసం చేసేశారని 2010లో పత్రికలు రాశాయి. బంగ్లాదేశ్ విముక్తి పోరాట దళం ముక్తివాహినిని తయారుచేసిన నాటి ఫైళ్లు సైన్యం తూర్పు కమాండ్‌లో లేవన్న సంగతి కూడా ఆ ఏడాదే బయటపడింది. మనం గెలిచిన యుద్ధం కాగితాల పరిస్థితే ఇలా ఉంది.

ఫైళ్లు లేనిచోట మనుషులు మిగిలారు. మన దేశంలో జనం చదివే యుద్ధచరిత్ర చాలావరకు రిటైరైన సైనికాధికారుల చేతిరాత కావడానికి అసలు కారణం ఇదే. వాళ్లలో ఎక్కువమంది పాఠకులకు దగ్గరైనవారిలో మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో ఒకరు.

ఆయన 1937లో బొంబాయిలో పుట్టారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదివి 5వ గూర్ఖా రైఫిల్స్‌లో అధికారిగా చేరారు. కార్డోజో అనే పేరు గూర్ఖా జవాన్ల నోట సరిగ్గా పలకలేదు. అందుకని ‘కార్తూస్ సాబ్’ అన్నారు. కార్తూస్ అంటే తూటా. ఆ పేరే నిలిచిపోయింది, 2022లో వచ్చిన ఆత్మకథకు ఆయన దాన్నే పెట్టుకున్నారు.

1971 యుద్ధం వచ్చేసరికి ఆయన నీలగిరి కొండల్లో ఉన్న వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో కోర్సు చేస్తున్నారు. తూర్పున పోరాడుతున్న తన బెటాలియన్‌లో సెకండ్ ఇన్ కమాండ్ (కమాండర్ తర్వాతి అధికారి) చనిపోవడంతో ఆ స్థానంలోకి ఆయన్ని పంపారు. ఆ బెటాలియన్‌ని హెలికాప్టర్లలో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ దగ్గర దింపారు. మన సైన్యం హెలికాప్టర్లతో చేసిన మొదటి దాడి అదే. దిగింది ఒక బ్రిగేడ్, అంటే కొన్ని బెటాలియన్ల దళం అని బీబీసీ పొరపాటున చెప్పింది. నిజానికి అక్కడున్నది ఒకే ఒక్క బెటాలియన్, అందులోనూ 400 మంది లోపే. రేడియోలో విన్న ఆ మాటనే మనవాళ్లు ఆసరా చేసుకున్నారు. దూరదూరంగా పరుచుకుని, నిజంగా బ్రిగేడే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. చివరికి వాళ్ల ముందు లొంగిపోయిన పాకిస్తాన్ సైనికులు వేలల్లో ఉన్నారు. ఇలాంటి సంగతి ఆఫీసు ఫైల్లో ఒక వరుసకు మించి రాదు. అక్కడ మట్టిలో పడుకున్నవాడు చెబితేనే కథ తెలుస్తుంది.

ఢాకాలో లొంగుబాటు అయ్యాక ఆయన కాలు మందుపాతర మీద పడింది. కాలు నుజ్జయింది. మార్ఫిన్ లేదు, ఆపరేషన్ చేసే వీలూ లేదు. నరికేయమని తన గూర్ఖా సహాయకుడిని అడిగితే అతను చేతులు రావడం లేదన్నాడు. దాంతో గూర్ఖాల వంపు కత్తి ఖుక్రీ తెప్పించుకుని తన కాలు తానే నరుక్కుని, తీసుకెళ్లి పాతిపెట్టమన్నారు. తర్వాత ఆపరేషన్ చేసింది బందీగా చిక్కిన పాకిస్తాన్ సైనిక వైద్యుడు, మేజర్ బషీర్. మొదట ఆయన చేతికి వెళ్లడానికి ఒప్పుకోలేదని, తర్వాత ఆ మొండితనం తప్పనిపించిందని కార్డోజోనే చెప్పుకున్నారు. నాకు ఆ కాలు నరుక్కున్న ఘట్టం కన్నా ఈ ఒప్పుకోలు పెద్దదిగా కనిపిస్తుంది. శత్రువు గురించి ఇలా మాట్లాడగలిగినవాడు రాసిన యుద్ధచరిత్రను నమ్మాలనిపిస్తుంది.

చెక్కకాలితో ఆయన ఇంటికి పోలేదు. ఫిట్‌నెస్ పరీక్షల్లో రెండు కాళ్లున్న వాళ్లతో పోటీపడ్డారు. యుద్ధంలో అంగవైకల్యం వచ్చాక పదాతి బెటాలియన్‌కి, ఆ తర్వాత బ్రిగేడ్‌కి నాయకత్వం వహించిన మొదటి భారత అధికారి ఆయనే. 1993లో రిటైరయ్యారు. పరమవీరచక్ర గ్రహీతల జీవితాలపై ఆయన పుస్తకం 2003లో వచ్చింది, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ మునక మీద పుస్తకం 2006లో.

ఆయనలాంటివాళ్లు రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యం పాత్రను రికార్డు చేయడానికి ఒక చరిత్ర విభాగం ఉండేది. దేశం రెండు ముక్కలైనా ఆ పని ఆగలేదు. కశ్మీర్‌లో కొట్టుకున్న రెండు దేశాలే ఆ చరిత్రను ఉమ్మడిగా రాయించాయి. బిశేశ్వర్ ప్రసాద్ సంపాదకత్వంలో ఎన్నో సంపుటాలు వచ్చాయి. అంటే మనకు రాయడం చేతగాక కాదు. తెరవడానికి మనసు రాకపోవడం 1962 తర్వాత మొదలైంది.

ఆ ఏడాది అక్టోబరు 20న ఇప్పటి అరుణాచల్ సరిహద్దులోని నామ్‌కా చూ నది దగ్గర చైనా దాడి చేసినప్పుడు అక్కడున్న 7వ బ్రిగేడ్ కమాండర్ జాన్ దళ్వీ. రెండు రోజులకే ఆయన చైనాకు బందీగా చిక్కారు. 1963 మేలో తిరిగొచ్చారు. చలిబట్టలు, మందుగుండు చాలినంత లేని సైనికులను ఎవరు అక్కడికి తోశారో 1969లో ఒక పుస్తకంలో రాశారు. ఆ పుస్తకానికి నిషేధం ఎదుర్కొన్నదన్న పేరుంది. ఓటమికి కారణాలపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్ ఇచ్చిన నివేదిక మాత్రం 1963 నుంచి రహస్యంగానే ఉంది. అందులోని సంగతులకు ఇప్పటికీ సైనిక ప్రాధాన్యం ఉందని 2010లో రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో విదేశీ జర్నలిస్టు నెవిల్ మాక్స్‌వెల్ దాని ఒక భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మన నివేదికను మనం ఆ దారిలో చదువుకోవాల్సి వచ్చింది.

రక్షణ శాఖ రాయించిన 1962, 1965, 1971 యుద్ధాల అధికారిక చరిత్రలకూ ఇలాగే జరిగింది. అవి కొద్ది కాపీలుగా లోపలే తిరిగాయి. జనం వాటిని మొదట చూసింది ఒక ఇంగ్లిష్ పత్రిక తన వెబ్‌సైట్‌లో పెట్టాకే.

ఈ ఖాళీలోకి అనుభవజ్ఞుల పుస్తకాలు వచ్చాయి. వాటికీ ఇబ్బంది ఉంది. ఢాకాను పట్టుకోవాలన్న ఆలోచన ఢిల్లీది కాదు, తూర్పు కమాండ్‌ది అని 1971లో ఆ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జనరల్ జాకబ్ 1997లో రాశారు. కాదన్నవాళ్లూ ఉన్నారు. ఎవరి జ్ఞాపకం వాళ్లది, ఎవరి గౌరవం వాళ్లది. కాగితం ముందు పెట్టుకుంటే తప్ప ఆ తగువు తీరదు. కార్డోజో ఈ తగువుల్లో తలదూర్చకుండా సైనికుడి వైపు నిలబడ్డారు. తన చేతి ఆయుధం పేరే ఉన్న ఖుక్రీ నౌక 1971 డిసెంబరు 9 రాత్రి దీవ్ దగ్గర 18 మంది అధికారులు, 176 మంది నావికులతో మునిగిపోయింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకొకరికిచ్చి నౌకతోనే ఉండిపోయారు. కార్డోజో ఆ కథను బతికి బయటపడ్డవాళ్ల నోటి నుంచి రాబట్టారు. నౌక ఎలా మునిగిందన్నదే కాదు, నీళ్లలో ఆ రాత్రి ఎలా గడిచిందో కూడా వాళ్లే చెప్పాలి.

2021 జూన్‌లో రక్షణ శాఖ కొత్త విధానం ప్రకటించింది. సైన్యం తన రికార్డులను ఐదేళ్లలో చరిత్ర విభాగానికి ఇవ్వాలి, మామూలుగా 25 ఏళ్లకు వాటిని బయటపెట్టాలి. యుద్ధం ముగిసిన ఐదేళ్లలోపు దాని చరిత్ర కూడా కూర్చి పెట్టాలి. కార్గిల్ యుద్ధం తర్వాత దానిపై సమీక్షకు వేసిన సుబ్రహ్మణ్యం కమిటీ అడిగింది ఇలాంటిదే, అందుకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. కార్గిల్‌కి 2024తో 25 ఏళ్లు నిండాయి. ఆ యుద్ధంలో ప్రాణమిచ్చి మహావీరచక్ర అందుకున్న మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ ఇంటి బిడ్డే.

1962 నివేదికలాంటి పాత కాగితాలకు మాత్రం ఆ గడువు దానంతటది వర్తించదు, ఒక్కోదాని మీదా విడిగా నిర్ణయం తీసుకోవాలి. నామ్‌కా చూ దగ్గర ఇరవై ఏళ్ల వయసులో ఉన్న జవాన్‌కి ఇప్పుడు ఎనభై దాటాయి. ఖుక్రీ నుంచి ఈదుకుంటూ బయటపడ్డ కుర్రాడికి డెబ్బై దాటాయి.