పడవలు కొట్టుకొచ్చాయా, నడుపుకొచ్చారా?

2023 జూన్‌లో అలాస్కాలోని జూనో నుంచి హోకులేఆ అనే హవాయి జంట పడవ (రెండు పడవలను పక్కపక్కన కలిపి కట్టిన తెరచాప పడవ) పసిఫిక్ చుట్టుయాత్రకు బయల్దేరింది. ఈ పడవను 1975లో కట్టింది ఒక వాదన తేల్చడానికే: హవాయి, తాహితి, న్యూజిలాండ్ వంటి పసిఫిక్ దీవుల జనం, అంటే పాలినీషియన్ల పూర్వీకులు, దారి తెలిసి పడవలు నడుపుకొచ్చారా, గాలికి కొట్టుకొచ్చారా?

వాదన పాతది. 1769లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ తాహితి వచ్చినప్పుడు, రాయియాతేయా దీవికి చెందిన తుపాయియా అనే పూజారి ఆయన ఓడ ఎక్కాడు. తనకు తెలిసిన డజన్ల కొద్దీ దీవులను చెప్పి, పటం గీయించాడు. ఓడ ఎటు తిరిగినా తాహితి ఏ వైపుందో వేలు పెట్టి చూపించేవాడట. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలకు అతని మాట అర్థమైంది. 1778లో కుక్ హవాయి చేరినప్పుడు అక్కడా తాహితి భాషకు దగ్గరి మాటలే వినిపించాయి. ఇంత సముద్రం మీద ఒకే జనం ఎలా పరుచుకున్నారని కుక్ ఆశ్చర్యపోయాడు.

తర్వాతి వాళ్లకు ఆ ఆశ్చర్యం కాస్తా అనుమానమైంది. దిక్సూచి లేదు, రాసిపెట్టిన లెక్కా లేదు, మరి ఎలా నమ్మడం? 1947లో నార్వే అన్వేషకుడు థార్ హెయర్‌డాల్ పెరూ నుంచి తెప్ప మీద 101 రోజులు తేలుతూ వచ్చి, దీవుల జనం అమెరికా నుంచే వచ్చారన్నాడు. 1956లో చరిత్రకారుడు ఆండ్రూ షార్ప్, దూరపు దీవులకు జనం గాలికి కొట్టుకుపోయి చేరి ఉంటారని రాశాడు. 1973లో కంప్యూటర్‌లో వేల ప్రయాణాలు నడిపి చూస్తే, ఊరికే కొట్టుకుపోయి హవాయి చేరే అవకాశం దాదాపు సున్నా అని తేలింది. (హెయర్‌డాల్ పూర్తిగా తప్పని కూడా అనలేం. సుమారు 1200 ప్రాంతంలో పాలినీషియన్లకు, దక్షిణ అమెరికా వాళ్లకు కలయిక జరిగిందని 2020లో జన్యు అధ్యయనం చెప్పింది. దక్షిణ అమెరికా చిలగడదుంప ఈ దీవుల్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న కూడా దాంతో ముడిపడిందే.)

కంప్యూటర్ మాట సరే, వెళ్లి చూపించేదెవరు? హవాయిలో పరికరాలు లేకుండా దారి పట్టే పాత విద్య తెలిసినవాళ్లు మిగల్లేదు. చివరికి మైక్రోనీషియాలోని సతవల్ అనే చిన్న దీవి నుంచి ఆ విద్య తెలిసిన మౌ పియైలుగ్‌ను పిలిపించారు. అంటే పాలినీషియన్ల పరువు నిలబెట్టింది పాలినీషియన్ కాని మనిషి. పడవ కూడా ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్‌తో కట్టిందే. పరీక్ష పడవకు కాదు, దారి తెలిసిన బుర్రకు కాబట్టి నాకు అది లోపం అనిపించదు.

ఆ బుర్రలో ఏముంటుంది? ఏ నక్షత్రం ఎక్కడ పొడుస్తుందో, ఎక్కడ కుంకుతుందో ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి దూరం నుంచి వచ్చే పెద్ద అలలు పడవను ఏ పక్క నుంచి ఊపుతున్నాయో ఒంటితోనే పట్టాలి. హోకులేఆ అంటే మన స్వాతి నక్షత్రమే. హవాయి మీద అది సరిగ్గా నడినెత్తిన దాటుతుంది. తాహితి నుంచి తిరిగొచ్చేవాళ్లు హవాయికి కాస్త తూర్పుగా ఉంటూ ఉత్తరానికి వస్తారు. స్వాతి నడినెత్తికి రాగానే పడమరకు తిప్పితే చాలు.

1976 మే 1న హవాయి దీవుల్లోని మావీ నుంచి పరికరాలు లేకుండా బయల్దేరిన పడవ సుమారు 4,000 కిలోమీటర్లు దాటి జూన్ 4న తాహితిలోని పపేతే చేరింది. రేవులో 17,000 మంది ఎదురుచూశారు. కానీ దారిలో సిబ్బంది గొడవలతో విసిగిపోయిన మౌ అక్కణ్నుంచే ఇంటికి వెళ్లిపోయారు. తిరుగు ప్రయాణం పరికరాలతోనే సాగింది. 1978లో పడవ బోల్తా పడింది. సాయం తెస్తానని సర్ఫ్ బోర్డు మీద వెళ్లిన సిబ్బందిలో ఒకడైన ఎడ్డీ ఐకావు మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాతే మౌ మళ్లీ వచ్చి హవాయి యువకుడు నైనోవా థాంప్సన్‌కు ఆ విద్య నేర్పారు. 1980లో తాహితి ప్రయాణంలో దారి చూపింది నైనోవానే. నేల దగ్గరపడ్డాక ఒక ఉదయం ఒక పక్షి కనిపించింది. పొద్దున పక్షులు దీవి వదిలి వేటకు పోతాయి కదా అని అతను దానికి ఎదురు దిక్కుకు పడవ నడిపించాడు. మౌ అడ్డుపడి, తిప్పి పక్షి వెంటే వెళ్లమన్నారు. కాసేపటికి దీవి కనిపించింది. ఆ పక్షి ముక్కున చేప ఉంది, గూట్లో పిల్లకు తీసుకెళ్తోంది. నైనోవా దాన్ని గమనించలేదు.